ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన గుండె రోగి: గ్రామ పంచాయతీల బాధ్యత

గోదావరి, ప్రాణహిత నదులు కలియు కాళేశ్వరమునుండి ఓరుగల్లు నగరమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమున్నది. ఆయాసముతో పండుకొనలేక, రాత్రియంతయు కూర్చుండి తెల్లవార్చు రోగిని అంత దూరము తీసికొనిపోవుట ఏ కుటుంబమునకైనను కష్టమే. బండి కిరాయి కావలెను, తోడు ఒకరు పోవలెను, ఇంటిలో కూలి పని చేయువారు పదిదినములు పని మానుకొనవలెను. ఆసుపత్రిలో చికిత్స ఉచితముగా లభించినను ఈ ఖర్చులు తప్పవు. రోగి కోలుకొని ఇల్లు చేరిననాడు కుటుంబమువారు కష్టము గట్టెక్కినదని ఊపిరి పీల్చుకొందురు.

కాని గుండె వైఫల్యమను వ్యాధి విషయములో కష్టము అంతటితో గట్టెక్కుట అరుదు. ఇంటికి వచ్చినవారిలో పెక్కుమంది కొన్ని వారములలోనే తిరిగి అదే ఆయాసముతో, అదే కాళ్ల వాపుతో ఆసుపత్రిలో చేరుచున్నారు. ఒక్కొక్క పర్యాయము చేరినకొలది గుండె మరికొంత బలహీనపడును, కుటుంబము మరికొంత అప్పుల పాలగును. విచారించి చూచినచో ఇట్లు తిరిగి చేరుటలో చాల భాగము నివారింపదగినదే. అయితే ఆ నివారణ ఆసుపత్రిలో జరుగునది కాదు. అది రోగి ఇంటిలోను, ఊరిలోను జరుగవలసినది. అందుచేతనే ఈ విషయము వైద్యులకు మాత్రమే కాక పంచాయతీ సభ్యులకును సంబంధించినదైనది.

గుండె వైఫల్యమనగా నేమి?

గుండె వైఫల్యమను మాట విని గుండె ఆగిపోవుట యని పలువురు భయపడుచుందురు. అది సరికాదు. గుండెపోటు వేరు, గుండె వైఫల్యము వేరు. గుండెకు రక్తమును చేర్చు నాళము హఠాత్తుగా మూసుకొనిపోయి గుండె కండరములో కొంత భాగము చచ్చిపోవుట గుండెపోటు. శరీరమునకు కావలసినంత రక్తమును గుండె పంపలేని స్థితి గుండె వైఫల్యము. గుండె కొట్టుకొనుచునే యుండును, కాని దాని శక్తి చాలదు. గుండెపోటు వచ్చి తగ్గినవారికి కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరములకో ఈ స్థితి రావచ్చును. చాలకాలము అదుపు లేక యున్న రక్తపోటు, మధుమేహము, చిన్ననాడు వచ్చిన కీళ్లజ్వరము వలన చెడిన గుండె కవాటములు, మితిమీరిన మద్యపానము కూడ దీనికి కారణములగును. కొందరు స్త్రీలకు కాన్పు దగ్గరపడినప్పుడుగాని, కాన్పు తరువాతగాని ఇది కలుగుట కద్దు.

రైతు సోదరులకు ఇది సులభముగా బోధపడు విషయము. బావిపై బిగించిన మోటారు అరిగిపోయినచో తిరుగుట మానదు, కాని నీరు పైకి తగినంత ఎక్కదు. పైనున్న పొలము ఎండును, క్రింద నీరు నిలిచిపోవును. గుండె బలహీనపడినప్పుడును ఇట్లే జరుగును. ముందుకు పోవలసిన రక్తము తగినంత పోక, రోగికి నీరసము, తల తిరుగుట, పని చేయలేకపోవుట కలుగును. వెనుక నిలిచిన రక్తమునుండి నీరు ఊరి ఊపిరితిత్తులలోనికి, కాళ్లలోనికి, పొట్టలోనికి చేరును. గోదావరి నిండుగా పారునప్పుడు వాగుల నీరు నదిలో కలియలేక వెనుకకు తన్ని చేలలో నిలుచుట నదీతీర గ్రామములవారు ప్రతి వానకాలమున చూచునదే. ఊపిరితిత్తులలో నీరు నిలిచినచో ఆయాసము. పండుకొన్నప్పుడు అది హెచ్చగును, లేచి కూర్చున్న కొంత తగ్గును. కాళ్లలో నిలిచినచో వ్రేలితో నొక్కిన గుంట పడునట్టి వాపు.

దీనికి తోడు మరియొక చిక్కు కలదు. రక్తము చాలుట లేదని మూత్రపిండములు గ్రహించి, శరీరములో నీరు తక్కువైనదని పొరపాటుపడి, ఉప్పును నీటిని బయటకు పోనీయక నిలుపుకొనును. అసలే నిండిన చెరువునకు ఇది మరియొక వరద. ఆసుపత్రిలో నీటి మాత్రలతోను, సూదిమందుతోను ఆ నీటిని తీసివేయుదురు. రోగికి రెండు మూడు దినములలో హాయి కలుగును. కాని నీరు తీసివేసినంత మాత్రమున గుండె బాగుపడలేదను సంగతి రోగికి తెలియకపోవుటయే తరువాతి అనర్థములకు మూలము.

మన దేశములో దీని తీవ్రత

ఇది పట్టణవాసుల జబ్బు, ధనికుల జబ్బు అను భ్రమ మనలో ఇంకను పోలేదు. గోదావరి దిగువ భాగమున, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003, 2004 సంవత్సరములలో పరిశోధకులు ప్రతి మరణమునకు కారణమును విచారించిరి. మొత్తము 1,354 మరణములలో సుమారు మూడవ వంతు గుండె, రక్తనాళముల వ్యాధులవలన కలిగినవే. అంటువ్యాధుల వలన చనిపోయినవారు అందులో సగము కూడ లేరు. ఆ గ్రామములు మన గ్రామముల వంటివే.

గుండె వైఫల్యమును గూర్చి తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థవారు 2013లో ఆ జిల్లా ఆసుపత్రులలో చేరిన 1,205 మంది రోగుల వివరములను నమోదు చేసి, వారిని సంవత్సరముల తరబడి గమనించిరి. ఐదు సంవత్సరములు నిండునప్పటికి వారిలో సగముకంటె ఎక్కువమంది మరణించిరి. పెక్కు కాన్సరు వ్యాధులకంటె ఇది తక్కువ భయంకరమైనది కాదని దీనివలన తెలియుచున్నది. తరువాత 2019, 2020 సంవత్సరములలో దేశమంతటను 53 ఆసుపత్రులలో సుమారు 10,850 మంది రోగులతో జాతీయ నమోదు పట్టిక తయారైనది. ఆసుపత్రిలో చేరిన 90 దినములలోపల వారిలో సుమారు 14 శాతము, అనగా ఏడుగురిలో ఒకరు మరణించిరి.

ఈ పట్టికలో మనము గమనింపవలసిన సంగతులు మూడు కలవు. మన రోగుల సగటు వయస్సు 60 సంవత్సరములే. పాశ్చాత్య దేశములలో ఈ వ్యాధి ఎక్కువగా 70 దాటినవారికి వచ్చును. మనకు సంపాదించు వయస్సులోనే వచ్చుచున్నది. చదువు తక్కువైనకొలది మరణములు హెచ్చుగా నుండెననునది రెండవది. చదువు లేకపోవుట గుండెకు చేయు హాని ఏమియు లేదు. మందుల చీటీ అర్థము కాకపోవుట, తిరిగి ఎప్పుడు రావలెనో తెలియకపోవుట, చేతిలో డబ్బు లేకపోవుట చేయు హాని యది. వైద్యశాస్త్రము నిర్ణయించిన మందులన్నియు అందినవారు సగముకంటె తక్కువగా నుండుట మూడవ సంగతి. ఈ మూడింటిలో రెండవదానిని, మూడవదానిని సరిదిద్దుట మన చేతిలో నున్నది.

మరల ఆసుపత్రి పాలగుటకు కారణములు

మొదటి కారణము మందులు మానివేయుట. ఆయాసము తగ్గినది, కాళ్లు మామూలైనవి, ఇక మందెందుకని రోగి తలచును. తెచ్చుకొన్న మందులు నెల దినములలో అయిపోవును. మరల కొనుటకు పత్తి అమ్ముడుపోవువరకు ఆగుదమనుకొనును. ఇంతలో నీరు మెల్లమెల్లగా చేరుచునే యుండును.

రెండవది ఉప్పు. ఒక మనిషికి దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు మించి ఉప్పు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన భోజనములో కూరలోని ఉప్పు కొంతయే. తొక్కులు, అప్పడములు, ఒడియములు, ఎండుచేపలు, అంగడిలో కొను కారపు తినుబండారములు తక్కిన ఉప్పును తెచ్చును. నోటికి రుచి లేదని రోగికి తొక్కుతో అన్నము కలిపి పెట్టు తల్లి ప్రేమతోనే పెట్టును. కాని ఆ ముద్దలోని ఉప్పు తనతోపాటు నీటిని నిలుపుకొనునని ఆమెకు చెప్పినవారు లేరు. మరియొక జాగ్రత్త. అంగడిలో దొరకు సోడియము తగ్గించిన ఉప్పులో పొటాషియము ఉండును. గుండెకు వాడు కొన్ని మందులతో అది కలిసినచో రక్తములో పొటాషియము ప్రమాదకరముగా పెరుగవచ్చును. కొబ్బరినీళ్లలోను ఇది హెచ్చుగా నున్నది. రోగిని చూడవచ్చువారు కొబ్బరిబొండములు తెచ్చుట మన ఆచారము. ఈ రోగులు వైద్యుని అడిగిన పిమ్మటనే వీనిని వాడవలెను.

మూడవది ఒళ్లునొప్పుల మందులు. నాట్లు వేసి, పత్తి ఏరి అలసినవారు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలు మింగుట, సూదులు వేయించుకొనుట పల్లెలలో పరిపాటియైనది. ఈ మందులు మూత్రపిండములచేత ఉప్పును నీటిని నిలుపుచేయించును. గుండె బలహీనముగా నున్నవారికి ఇవి వారము దినములలోనే కీడు చేయగలవు. నీరసముగా నున్నదని గ్లూకోజు సీసా, సెలైను సీసా ఎక్కించుకొను అలవాటు ఇంతకంటెను హానికరము. నిండిన కుండలో మరల నీరు పోసినట్లగును. సాధారణ రోగికి మేలు చేయు సీసా ఈ రోగి ప్రాణము మీదికి తేగలదని గ్రామములో చికిత్స చేయువారందరును తెలిసికొనవలెను.

ఇవికాక జ్వరము, దగ్గు, ఊపిరితిత్తుల అంటువ్యాధి, రక్తహీనత, అదుపు తప్పిన రక్తపోటు, సారా, పొగ త్రాగుట కూడ రోగిని తిరిగి మంచము పట్టించును. వీటన్నిటికంటె వెనుక దాగియున్న కారణము మరియొకటి కలదు. ఆసుపత్రి వదలిన తరువాత రోగిని ఎవరును చూడకపోవుట. అమెరికాలో వృద్ధులను గూర్చి 2009లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, గుండె వైఫల్యముతో ఆసుపత్రి నుండి పోయినవారిలో నలుగురిలో ఒకరికి మించి 30 దినములలోపల మరల చేరిరని తేలినది. వివిధ వ్యాధులకు చికిత్స పొంది ఇల్లు చేరి, నెలలోపల మరల చేరినవారిలో సగముమంది ఆ మధ్యకాలములో ఏ వైద్యుని గడపయు తొక్కినట్లు లెక్కలలో కనబడలేదు. అన్ని సదుపాయములున్న దేశములోనే ఇట్లున్నచో, మన మారుమూల పల్లెల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

మందుల సంగతి

గుండె సంకోచించు శక్తి తగ్గినవారికి నేడు నాలుగు తెగల మందులు ముఖ్యమైనవిగా వైద్యులు ఎంచుచున్నారు. రక్తనాళముల బిగువు తగ్గించి గుండె పనిని తేలిక చేయు ఎనలాప్రిల్ వంటివి ఒక తెగ. గుండె వేగమును తగ్గించి దానికి విశ్రాంతినిచ్చు మెటోప్రొలాల్ వంటివి రెండవ తెగ. స్పైరొనోలాక్టోన్ వంటివి మూడవ తెగ. మధుమేహమునకై కనిపెట్టబడి, మధుమేహము లేని గుండె రోగులకును మేలు చేయునని 2019లో ఋజువైన డాపాగ్లిఫ్లోజిన్ వంటివి నాలుగవ తెగ. ఈ చివరి మందు కొన్ని సంవత్సరముల క్రితము ఖరీదైనది. 2020 తరువాత మన దేశములో పలు సంస్థలు తయారుచేయుటచే దీని ధర బాగుగా తగ్గినది.

రోగులు ఒక భేదమును తెలిసికొనవలెను. నీటి మాత్ర వేసిన పూటనే గుణము కనిపించును. పై నాలుగు తెగల మందులు అట్లు కావు. వాని మేలు కంటికి కనబడదు. అవి నెలల తరబడి పని చేసి గుండెను కాపాడి ఆయుర్దాయమును పెంచును. కంటికి గుణము కనబడు మాత్రను ఉంచుకొని, కనబడని మందులను మానివేయు రోగులు పలువురు. అది చేనికి నీరు పెట్టి ఎరువు మానినట్టిది. మందులను చిన్న మోతాదుతో మొదలిడి వైద్యుడు క్రమముగా పెంచును. ఇందుకై రక్తపోటును, మూత్రపిండముల పనిని, రక్తములోని పొటాషియమును పరీక్షించుచుండవలెను. రోగి మరల వైద్యుని వద్దకు పోనియెడల మోతాదు పెరుగదు, పరీక్షయు జరుగదు. కావున ఒకరి చీటీ చూచి మరియొకరు ఈ మందులు వాడుట ఎంతమాత్రము తగదు.

మొదటి వారములు ముఖ్యమైనవి

పాముకాటు తరువాత మొదటి గంట యెట్టిదో, గుండె వైఫల్య రోగికి ఇల్లు చేరిన తరువాతి మొదటి వారములు అట్టివి. 2022లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధన దీనిని స్పష్టము చేసినది. 14 దేశములలో 1,078 మంది రోగులను రెండు భాగములుగా విభజించిరి. ఒక భాగమువారికి మామూలు చికిత్స. రెండవ భాగమువారిని ఆసుపత్రి వదలిన ఒకటవ, రెండవ, మూడవ, ఆరవ వారములలో తప్పక పరీక్షించి, రెండు వారములలోనే మందులను పూర్తి మోతాదునకు చేర్చిరి. ఆరు నెలలలో మరణించినవారు గాని, గుండె వైఫల్యముతో తిరిగి చేరినవారు గాని మామూలు చికిత్స పొందినవారిలో 23 శాతమునకు పైగా నుండగా, రెండవ భాగమువారిలో 15 శాతమే యుండిరి. మందులు అవే. భేదమంతయు రోగిని మరల మరల చూచి, మోతాదు సరిచేయుటలో నున్నది.

ఇంతకు పూర్వము 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరములో 70 ఏండ్లు దాటిన 282 మంది రోగులపై జరిగిన ప్రయత్నము మనకు మరింత అనుసరణీయము. ఒక నర్సు రోగికి, కుటుంబమువారికి వ్యాధిని గూర్చి బోధించుట, ఉప్పు తగ్గించు భోజనము నేర్పుట, మందులను సరిచూచుట, ఇంటికి పోయి విచారించుట, ఇవే వారు చేసిన పనులు. గుండె వైఫల్యముతో తిరిగి చేరిన సందర్భములు 90 దినములలో 54 నుండి 24కు తగ్గినవి. ఇందు కొత్త యంత్రమేదియు లేదు. శ్రద్ధగల ఒక మనిషి మాత్రమే కలదు. అట్టి మనుషులు మన గ్రామములలో ఆశ కార్యకర్తల రూపమున, ఏ.ఎన్.ఎం.ల రూపమున ఉన్నారు.

బరువు తూచుట: తొలి హెచ్చరిక

శరీరములో నీరు చేరుటను అందరికంటె ముందు తెలుపునది వాపు కాదు, ఆయాసము కాదు, బరువు. ప్రతి ఉదయము మూత్రవిసర్జన తరువాత, ఏమియు తినకమునుపు, ఒకే విధమైన బట్టలతో, ఒకే కాటాపై బరువు చూచుకొని వ్రాసియుంచవలెను. మూడు దినములలో 2 కిలోలకు మించి పెరిగినచో అది కండ కాదు, నీరు. అప్పుడే వైద్యునికి చెప్పినచో నీటి మాత్రను సరిచేయుటతో సరిపోవును. వారము ఆలస్యమైనచో ఆసుపత్రిలో చేరవలసి వచ్చును.

బరువు పెరుగుటతోపాటు, రాత్రి తలగడలు ఎక్కువ కావలసివచ్చుట, నడిరాత్రి ఊపిరాడక మేలుకొనుట, చెప్పులు బిగువగుట, మునుపు నడచిన దూరము నడువలేకపోవుట హెచ్చరికలే. కూర్చున్నను ఊపిరాడకపోవుట, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పుట, పెదవులు నీలవర్ణమగుట కనిపించినచో ఆలోచింపక 108 వాహనమును పిలువవలెను. 2005లో ప్రారంభమైన ఈ సేవ నేడు పల్లెపల్లెకును తెలిసినదే.

పంచాయతీలు చేయదగిన పనులు

పంచాయతీ వైద్యశాల కాదు, సభ్యులు వైద్యులు కారు. మందు మార్చుట, ఆపుట వారి పని కాదు. రోగికి, వైద్యునికి నడుమ తెగిపోయిన త్రోవను కలుపుట మాత్రము వారి పనియే. అందుకు ఈ క్రింది కార్యములు చేయదగినవి.

ఒకటి. ఆసుపత్రి నుండి వచ్చిన గుండె రోగి వార్త ఏడు దినములలోపల ఆశ కార్యకర్తకు, పల్లె దవాఖానకు చేరునట్లు ఏర్పాటు చేయవలెను. వార్డు సభ్యునకు తన వార్డులో ఎవరు ఆసుపత్రికి పోయిరో, ఎవరు వచ్చిరో తెలియనిది కాదు. అయితే రోగి సమ్మతి లేక అతని జబ్బును పదిమందిలో చెప్పరాదు. గ్రామసభలో పేర్లు చదువుట అసలే కూడదు. పొలము కౌలునకిచ్చువారు, సంబంధము కలుపుకొనువారు వెనుదీయుదురను భయముచేత జబ్బు దాచుకొను కుటుంబములున్నవి. గోప్యము నిలిచిన చోటనే నమ్మకము నిలుచును.

రెండు. పల్లె దవాఖానలో గాని, పంచాయతీ కార్యాలయములో గాని చక్కగా పనిచేయు కాటా, రక్తపోటు చూచు పరికరము ఉన్నవో లేవో విచారింపవలెను. సర్పంచు అధ్యక్షతన గల గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు జాతీయ ఆరోగ్య కార్యక్రమము క్రింద ఏటా 10,000 రూపాయల వరకు ఇచ్చు పద్ధతి కలదు. ఈ సొమ్మును ఇట్టి అవసరములకు వినియోగించుటను సంఘము చర్చింపవచ్చును.

మూడు. ఆసుపత్రివారిచ్చు చీటీ తరచుగా ఇంగ్లీషులో నుండును. రోగి దానిని సంచిలో భద్రపరచును గాని చదువలేడు. ఏ.ఎన్.ఎం. చేత గాని, దవాఖాన వైద్యునిచేత గాని మందుల పేర్లు, వేయవలసిన వేళలు, తిరిగి పోవలసిన తేదీ తెలుగులో ఒక కాగితముపై వ్రాయించి గోడకు అంటింపజేయవలెను. చదువు రానివారికి ఉదయమునకు సూర్యుని, రాత్రికి చంద్రుని బొమ్మ చాలును.

నాలుగు. వానకాలమునకు ముందుగా మందుల నిల్వ చూడవలెను. 2022 జులైలో గోదావరికి వచ్చిన మహాప్రవాహమును కాళేశ్వరము, మహదేవపూరు ప్రాంతములవారు మరువలేదు. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినది. దారులు తెగిన దినములలో ఈ రోగికి మందు తెగిన, వరద తగ్గిన తరువాత ప్రాణము దక్కునను నమ్మకము లేదు. జూన్ నెలలోనే ఇట్టి రోగులకు కనీసము ఒక నెల మందులు అదనముగా ఇంటిలో నుండునట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమువారిని కోరవలెను. వరద వచ్చునప్పుడు మొదట తరలింపవలసినవారి జాబితాలో గర్భిణులతోపాటు వీరిని చేర్చవలెను. ఇల్లు వదలునప్పుడు మందుల సంచి, ఆసుపత్రి చీటీ వెంట నుంచుకొనవలెనని ముందే చెప్పియుంచవలెను.

ఐదు. దగ్గరనున్న వైద్యమును వాడుకొనుట నేర్పవలెను. పూర్వపు వరంగల్లు జిల్లాకంతటికిని 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాలయే చిరకాలము ప్రభుత్వ వైద్య కళాశాలగా నుండెను. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లులలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ప్రతి చిన్న పరీక్షకును ఓరుగల్లు, హైదరాబాదు పోనవసరము లేదు. ఆరోగ్యశ్రీ క్రింద కుటుంబమునకు ఏటా లభించు చికిత్స పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది. కాని అది ముఖ్యముగా ఆసుపత్రిలో చేరిన చికిత్సకు సంబంధించినదని మరువరాదు. ఇంటివద్ద ప్రతి నెల వాడు మందులను ప్రభుత్వ దవాఖాన నుండి గాని, తక్కువ ధరకు అమ్ము జన ఔషధి కేంద్రముల నుండి గాని పొందు మార్గమును రోగికి చూపవలెను.

ఆరు. గ్రామములో సూదిమందులు వేయువారిని పిలిపించి, గుండె రోగులకు నొప్పి మందులు, సెలైను సీసాలు ఇచ్చుటలోని ప్రమాదమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యునిచేత చెప్పింపవలెను. దండనకంటె ముందు తెలియజెప్పుట మేలు.

లెక్కలలో ఒక జాగ్రత్త

ఇట్టి పనికి పూనుకొన్నవారు ఎందరు తిరిగి ఆసుపత్రిలో చేరిరను లెక్కనొకదానినే పట్టుకొని మురియరాదు. అమెరికా ప్రభుత్వము 2012 అక్టోబరు నుండి రోగులు ఎక్కువగా తిరిగి చేరు ఆసుపత్రులకు చెల్లింపులు తగ్గించు నియమమును అమలుచేసినది. తిరిగి చేరువారి సంఖ్య తగ్గినది. కాని గుండె వైఫల్య రోగులలో మరణములు హెచ్చినవని 2018లో కొందరు పరిశోధకులు చూపిరి. ఆ నియమము దానికి కారణము కాదని మరికొందరు వాదించిరి. ఆ వాదము ఎట్లు తేలినను మనకు ఒక నీతి కలదు. ఇంటిలోనే కన్నుమూసినవాడు కూడ తిరిగి ఆసుపత్రిలో చేరడు. కావున పంచాయతీవారు తిరిగి చేరినవారిని, మరణించినవారిని, ఏడు దినములలో వైద్యునికి చూపుకొన్నవారిని, మూడు లెక్కలను కలిపి చూడవలెను. నిజముగా అవసరమైన రోగి ఆసుపత్రికి పోవుట తప్పు కాదు. లెక్క చెడునని, ఖర్చగునని రోగిని ఇంటిలో ఆపుటయే తప్పు.

వ్యాధి రాకమునుపే

వచ్చిన వ్యాధిని కాచుకొనుటతోపాటు రాకుండ చూచుకొనుటయు కలదు. తెలంగాణమున 15 సంవత్సరములు దాటిన స్త్రీలలో సుమారు నలుగురికొకరికి, పురుషులలో సుమారు పదుగురికి ముగ్గురికి రక్తపోటు అధికముగా నున్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన తెలుపుచున్నది. రక్తపోటునకు బాధ లేదు. బాధ లేదు గనుక మందు లేదు. అదే పది యిరువది సంవత్సరములకు గుండె వైఫల్యముగా పరిణమించును. 2017లో కేంద్ర ప్రభుత్వము రక్తపోటు నియంత్రణ ప్రయత్నమును ఐదు రాష్ట్రములలో మొదలిడినప్పుడు తెలంగాణము అందులో నొకటి. 30 ఏండ్లు దాటిన ప్రతివారును ఏటా ఒకసారి రక్తపోటు, చక్కెర చూపించుకొనునట్లు పంచాయతీ ప్రోత్సహింపవలెను. పిల్లలకు గొంతునొప్పి, జ్వరము, కీళ్ల వాపు వచ్చినచో ఉపేక్షింపక వైద్యునికి చూపవలెను. కీళ్లజ్వరమువలన కవాటములు చెడిన పిల్లలకు మూడు నాలుగు వారములకొకసారి ఇచ్చు పెన్సిలిన్ సూది మానకుండ చూచుట ఒక కుటుంబపు భవిష్యత్తును కాపాడుటయే.

గ్రామమునకు త్రోవ, త్రాగునీరు, వీధిదీపములు సమకూర్చుట కంటికి కనబడు సేవ. ఆసుపత్రి నుండి వచ్చిన రోగి వాకిట నిలిచి, మందులున్నవా, బరువు చూచితివా, మరల ఎప్పుడు రమ్మనిరి అని అడుగుట కంటికి కనబడని సేవ. దీనికి నిధులు స్వల్పము, ఓపిక అధికము కావలెను. రాబోవు గ్రామసభకు ముందే తమ తమ వార్డులలో ఇట్టి రోగులు ఎందరున్నారో సభ్యులు రహస్యముగా ఆశ కార్యకర్త ద్వారా తెలిసికొని, వారిలో మందులు తెగినవారు ఎవరో, వైద్యుని చూడనివారు ఎవరో విచారింపవలెను. ఆ ఒక్క విచారణతో కొన్ని కుటుంబములు మరియొకసారి రాత్రివేళ బండి వెదకికొను అవస్థ తప్పించుకొనగలవు.